పాఠం గంట దాటేసరికి శబ్దం పెదవుల కంటే వెనకబడుతోంది: రెండు పరికరాల ఆర్‌టీపీ స్ట్రీమ్‌లను కలపడం ఎలా?

తెరవెనుక (ప్రశ్న)

వినికిడి తక్కువగా ఉన్న విద్యార్థులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఒక చిన్న బృందానికి నేను సాఫ్ట్‌వేర్ పని చూస్తాను. వీళ్లలో చాలామంది వినికిడి యంత్రంలోంచి వచ్చే కాస్త శబ్దాన్నీ, టీచర్ పెదవుల కదలికనూ జత చేసుకుని మాటను పట్టుకుంటారు. ఆ రెండూ కలవకపోతే కళ్లకు ఒక మాట, చెవికి ఇంకో మాట అందుతుంది. కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉన్నా పర్వాలేదని వదిలేయలేను.

ఏర్పాటు ఇలా ఉంది. కెమెరా నేరుగా నెట్‌వర్క్‌కు కలిసి ఉంది, సెకనుకు 25 ఫ్రేమ్‌ల హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి) వీడియోను ఆర్‌టీపీలో, అంటే శబ్దాన్నీ బొమ్మనూ టైమ్‌స్టాంప్ వేసిన ప్యాకెట్లుగా పంపే పద్ధతిలో, పంపుతుంది. కెమెరాలో ఉన్న మైకు గది ప్రతిధ్వనిని ఎక్కువగా లాగుతోందని టీచర్ కాలర్‌కు వేరే మైకు పెట్టాం. అది యూఎస్‌బీ ద్వారా ఒక చిన్న కంప్యూటర్‌కు వెళ్తుంది. ఆ కంప్యూటర్ 20 మిల్లీసెకన్ల ఓపస్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) ప్యాకెట్లు పంపుతుంది. రెండింటినీ అందుకుని ఆడించే ప్రోగ్రామ్ నేను రాసిందే. మొదట వచ్చిన ఆడియో ప్యాకెట్‌నూ, మొదట డీకోడ్ అయిన వీడియో ఫ్రేమ్‌నూ ఒకే క్షణానివిగా తీసుకుని, అక్కడి నుంచి ఎవరి టైమ్‌స్టాంప్ ప్రకారం వాళ్లను నడిపిస్తున్నాను.

ఇబ్బంది రెండు రకాలుగా కనిపిస్తోంది. ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ తేడా మారిపోతుంది. ఒకసారి శబ్దం కాస్త ముందుంటుంది, ఇంకోసారి సెకను పైనే వెనక ఉంటుంది. స్లైడర్‌తో చేత్తో సరిచేస్తే కుదురుతుంది కానీ, గంట పాఠం అయ్యాక టీచర్‌ను చప్పట్లు కొట్టమని చూస్తే చేతులు కలిసిన 5 ఫ్రేమ్‌ల తర్వాత చప్పుడు వినిపిస్తోంది. అంటే దాదాపు 200 మిల్లీసెకన్లు. ప్యాకెట్లు పోవడం లేదు. ఆర్‌టీపీతో పాటు నడిచే ఆర్‌టీసీపీ రిపోర్టుల్లో జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే వేళల్లో హెచ్చుతగ్గు) 8 మిల్లీసెకన్లు చూపిస్తోంది. ఎక్కడ పట్టుకోవాలి?

చిన్నగీత

జిట్టర్ బఫర్ ఎంత పెట్టారు? నేనైతే దాన్ని 200 మిల్లీసెకన్ల దాకా పెంచి చూస్తాను. వైఫై మీద ఉంటే కేబుల్‌కు మార్చండి. ఆలస్యం పెరుగుతోందంటే సాధారణంగా నెట్‌వర్క్‌దే పాత్ర ఉంటుంది.

తెరవెనుక

అంతా కేబుల్ మీదే ఉందండి. బఫర్ ఇప్పుడు 60. రేపు పెంచి చూస్తాను.

గడియారపుముల్లు

తెరవెనుక గారూ, బఫర్ పెంచే ముందు ఇది చదవండి. లైవ్ వీడియో రిసీవర్లు రాయడం చాలా ఏళ్లుగా నా పని. మీరు రాసిన రెండు లక్షణాలూ నెట్‌వర్క్‌వి కావు. మొదటిది ఆఫ్‌సెట్, అంటే మొదలయ్యేటప్పుడే ఉండే తేడా. రెండోది డ్రిఫ్ట్, అంటే సమయం గడిచేకొద్దీ పెరిగే తేడా. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, జిట్టర్ బఫర్ ఈ రెండింటికీ మందు కాదు. ప్యాకెట్లు ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా రావడాన్ని సర్దడం మాత్రమే దాని పని. 8 మిల్లీసెకన్ల జిట్టర్‌కు 60 చాలు. 200 చేస్తే పాఠం మొత్తం ఇంకా 140 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఆడుతుంది, పెదవుల తేడా మాత్రం అలాగే ఉంటుంది. విద్యార్థులు మధ్యలో ప్రశ్నలు అడిగే పాఠమైతే ఆ 140 కూడా బరువే. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసు చెబుతుంది.

ముందు ఆఫ్‌సెట్ సంగతి. "మొదట వచ్చిన ప్యాకెట్, మొదట డీకోడ్ అయిన ఫ్రేమ్ ఒకే క్షణానివి" అన్న దగ్గరే తేడా పుడుతోంది. కీ ఫ్రేమ్ (వేరే ఫ్రేమ్‌ల మీద ఆధారపడని పూర్తి బొమ్మ) వచ్చేదాకా వీడియో డీకోడ్ కాదు. కెమెరా రెండు సెకన్లకు ఒక కీ ఫ్రేమ్ పంపుతోందనుకోండి, మీరు కనెక్ట్ అయిన క్షణాన్ని బట్టి ఆ ఎదురుచూపు సున్నా నుంచి రెండు సెకన్ల దాకా ఎంతైనా కావచ్చు. ఆలోపు ఆడియో ప్యాకెట్లు వచ్చి కూర్చుంటాయి. పాత శబ్దాన్నీ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి మొదలుపెడితే శబ్దం వెనకే ఉంటుంది. ఆడియో కనెక్షన్ ఆలస్యంగా మొదలైన రోజు ఇది తిరగబడుతుంది. ప్యాకెట్ మీ చేతికి ఎప్పుడు వచ్చిందన్నది దారి గురించి చెబుతుంది. ఆ మాట టీచర్ నోటి నుంచి ఎప్పుడు వచ్చిందో అది చెప్పదు.

అది తెలియాలంటే పంపినవాళ్లను అడగాలి. ఆర్‌టీపీ టైమ్‌స్టాంప్ ఒక్కటే చాలదు. అది ఎక్కడి నుంచి మొదలవుతుందో ఎవరికీ తెలియకుండా యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. ఓపస్‌లో సెకనుకు 48,000 చొప్పున పెరుగుతుంది, కాబట్టి మీ ప్రతి ప్యాకెట్‌కూ 960. వీడియోలో సెకనుకు 90,000, కాబట్టి మీ ప్రతి ఫ్రేమ్‌కూ 3,600. ఈ రెండు వరుసలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. ఆ సంబంధం పంపే యంత్రం ఇచ్చే ఆర్‌టీసీపీ సెండర్ రిపోర్టులో దొరుకుతుంది. మీరు చూస్తున్న జిట్టర్ అందుకునే వైపు లెక్క. మీకు కావలసినవి సెండర్ రిపోర్టులో ఉన్న రెండు సంఖ్యలు: 64 బిట్ల ఎన్‌టీపీ సమయం (నెట్‌వర్క్‌లో గడియారాలను కలిపే ఎన్‌టీపీ పద్ధతిలో, 1900 నుంచి సెకన్లుగా లెక్కపెట్టిన సమయం), దానికి సరిపోయే ఆర్‌టీపీ టైమ్‌స్టాంప్.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. ఆడియో రిపోర్ట్ "10:00:05.000 కి నా సంఖ్య 31,20,000" అంది. వీడియో రిపోర్ట్ "10:00:07.000 కి నా సంఖ్య 81,25,00,000" అంది. ఇప్పుడు 32,64,000 సంఖ్యతో ఒక ఆడియో ప్యాకెట్ వచ్చింది. తేడా 1,44,000. దాన్ని 48,000తో భాగిస్తే 3 సెకన్లు, అంటే ఆ ప్యాకెట్ 10:00:08.000 నాటిది. 81,25,94,500 సంఖ్యతో ఒక ఫ్రేమ్ వచ్చింది. తేడా 94,500. దాన్ని 90,000తో భాగిస్తే 1.05 సెకన్లు, ఫ్రేమ్ 10:00:08.050 నాటిది. కాబట్టి ఈ ఫ్రేమ్ ఆ ప్యాకెట్ మొదలైన 50 మిల్లీసెకన్ల తర్వాత, అంటే దాని తర్వాతి రెండో ప్యాకెట్ సగంలో ఉండగా తెర మీదికి రావాలి. రెండింటిలో ఏది ముందు మీకు చేరిందన్నది ఈ లెక్కలోకి రానే రాలేదు చూశారా.

సెండర్ రిపోర్టులు మామూలుగా 5 సెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి, మొదటిది ఇంకాస్త ముందే రావచ్చు. అది వచ్చేదాకా ఆడించడం ఆపుతారా, లేక అంచనాతో మొదలుపెట్టి తర్వాత సర్దుతారా అన్నది మీ ఇష్టం. మీ విద్యార్థుల కోసమైతే నేను ఆపుతాను. ఈ ఎదురుచూపు అక్కర్లేకుండా ప్యాకెట్ హెడర్‌లోనే ఎన్‌టీపీ సమయాన్ని పెట్టే పద్ధతి 2010లో ఆర్‌ఎఫ్‌సీ 6051 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. మైకు వైపు కంప్యూటర్ మీ చేతిలోనే ఉంది కాబట్టి అక్కడ పెట్టుకోవచ్చు, కెమెరా మాత్రం మీరు చెప్పినట్టు వినకపోవచ్చు.

మీ ఏర్పాటులో ఒక చిక్కుంది. ఆడియో, వీడియో ఒకే యంత్రం నుంచి వచ్చి ఉంటే రెండు స్ట్రీమ్‌లకూ ఒకే సీనేమ్ (పంపినవారిని గుర్తించే పేరు) ఉండేది, రెండు రిపోర్టుల్లోని ఎన్‌టీపీ సమయమూ ఒకే గడియారానిది అయ్యేది. మీవి రెండు యంత్రాలు. రెండు గడియారాలూ ఒకే మాట చెప్పకపోతే పై లెక్కంతా వృథా. కెమెరా రిపోర్టులోని ఎన్‌టీపీ సమయంలో పై 32 బిట్లు తీసుకుని 2,20,89,88,800 తీసేయండి. 1900కీ 1970కీ మధ్య ఉన్న సెకన్లు అవి. మిగిలింది ఇవాళ్టి యూనిక్స్ సమయం (1970 నుంచి గడిచిన సెకన్లు) అయితే మంచిదే. తీసేయడానికే సరిపోనంత చిన్న సంఖ్య ఉంటే మాత్రం కెమెరా తాను ఆన్ అయినప్పటి నుంచి గడిచిన సమయాన్ని పెడుతోందని అర్థం. ఆర్‌టీపీ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 3550 దానికి ఒప్పుకుంటుంది కూడా. ఇది ముందు చూసి చెప్పండి.

ఇక డ్రిఫ్ట్. గంటకు 200 మిల్లీసెకన్లంటే పది లక్షలకు 55 పాళ్లు. మామూలు క్రిస్టల్ గడియారాల మధ్య ఇంత తేడా ఉండడం వింతేమీ కాదు. యూఎస్‌బీ మైకు తాను సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీస్తున్నాననుకుంటుంది. మీ సౌండ్ కార్డ్ తాను సెకనుకు 48,000 ఆడిస్తున్నాననుకుంటుంది. ఇద్దరి సెకనూ ఒకటి కాదు. మైకు సెకను కాస్త పొట్టిదైతే సెకనుకు రెండు మూడు శాంపిళ్లు మీ బఫర్‌లో మిగిలిపోతూ ఉంటాయి. గంటకు అవే 200 మిల్లీసెకన్లవుతాయి. అందుకే స్లైడర్ నిలబడదు.

దీన్ని సరిచేయడానికి శబ్దాన్ని ఒక్కసారిగా కోయకండి. 20 మిల్లీసెకన్లు తీసేసినా హల్లు మింగినట్టు వినిపిస్తుంది, అదే మీ విద్యార్థులకు అన్నిటికంటే ముఖ్యమైన ముక్క. రీశాంప్లర్ పెట్టండి, అంటే సెకనుకు వచ్చే శాంపిళ్ల, ఆడించే శాంపిళ్ల నిష్పత్తిని కొద్దికొద్దిగా మార్చే కోడ్. 55 పాళ్ల మార్పుకు శ్రుతి మారేది సెంట్‌లో పదో వంతు మాత్రమే, సెంట్ అంటే అర్ధస్వరంలో నూరో వంతు. అది ఏ చెవికీ తెలియదు. వీడియోలో మాత్రం ఎప్పుడో ఒకసారి ఒక ఫ్రేమ్‌ను రెండుసార్లు చూపించినా, ఒకటి వదిలేసినా కన్ను పట్టించుకోదు. అందుకే నేను ఎప్పుడూ శబ్దాన్ని ఆధారంగా పెట్టుకుని బొమ్మను దానికి జరుపుతాను.

నిష్పత్తి కనుక్కునేటప్పుడు పక్కపక్కనున్న రెండు రిపోర్టులు తీసుకోవద్దు. రిపోర్ట్ రాసే ప్రోగ్రామ్ 1 మిల్లీసెకను అటూ ఇటూ అయినా, 5 సెకన్ల మీద అది పది లక్షలకు 200 పాళ్ల పొరపాటు. మీరు వెతుకుతున్న 55 అందులో మునిగిపోతుంది. అదే 1 మిల్లీసెకను 10 నిమిషాల మీదైతే 2 పాళ్లు కూడా కాదు. పది నిమిషాల రిపోర్టులన్నిటి గుండా ఒక సరళరేఖ గీసి దాని వాలు తీసుకోండి.

నాదబిందు

గడియారపుముల్లు గారు చెప్పినదానికి కొన్ని అంకెలు కలుపుతాను. నేను ప్రసారాల్లో ఆడియో వైపు పనిచేస్తాను.

ఎంత తేడా ఉంటే మనిషికి తెలుస్తుందని ఐటీయూ 1998లో బీటీ.1359 సిఫారసులో రాసింది. శబ్దం ముందుంటే 45 మిల్లీసెకన్లకే తెలుస్తుంది, వెనక ఉంటే 125 దాకా తెలియదు. భరించగల హద్దు ముందుకు 90, వెనక్కు 185. మీ 200 ఆ హద్దు కూడా దాటింది. యూరప్ ప్రసార సంఘం ఆర్37 సిఫారసులో ఇంకా గట్టిగా ముందుకు 40, వెనక్కు 60 అంది. వెలుగు ముందు, శబ్దం తర్వాత రావడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. 34 మీటర్ల దూరంలో ఎవరైనా చప్పట్లు కొడితే దాదాపు 100 మిల్లీసెకన్ల తర్వాత వినిపిస్తుంది. మాట పెదవి కంటే ముందు రావడం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు. అందుకే ఆ వైపు హద్దులు అంత ఇరుకు.

ఇవన్నీ మామూలు ప్రేక్షకుల కోసం పెట్టిన హద్దులు. పెదవి చదివేవాళ్ల కోసం కనీసం ఆర్37 హద్దుల్లో ఉండాలని పట్టుబట్టండి. ఎప్పుడైనా తప్పితే శబ్దం వెనక్కే తప్పేలా చూడండి.

పెద్ద స్టూడియోల్లో ఈ గడియారాల గొడవను పీటీపీతో (గడియారాలను ఎన్‌టీపీ కంటే కచ్చితంగా కలిపే పద్ధతి) తీరుస్తారు. స్టూడియోల ప్రమాణమైన ఎస్ఎంపీటీఈ ఎస్‌టీ 2110లో ప్రతి పరికరమూ ఒకే పీటీపీ సమయాన్ని పట్టుకుని, ఆర్‌టీపీ టైమ్‌స్టాంప్‌ను కూడా దాని నుంచే తీస్తుంది. కాబట్టి సెండర్ రిపోర్ట్ కోసం చూడాల్సిన పని ఉండదు. మీకు అంత అవసరం లేదు. కేబుల్ నెట్‌వర్క్‌లో అందరూ ఒకే ఎన్‌టీపీ సర్వర్‌ను చూస్తే ఒకటి రెండు మిల్లీసెకన్లలో కలుస్తారు, పెదవులకు అది ధారాళంగా సరిపోతుంది.

తెరవెనుక

ఇద్దరికీ ధన్యవాదాలు. లెక్కలు చూశాను. మైకు వైపు పది నిమిషాల రిపోర్టుల మీద గీత గీస్తే సెకనుకు 48,002 వచ్చింది. దీనివల్ల గంటకు 150 మిల్లీసెకన్లు అవుతోంది, మిగతా 50 నా సౌండ్ కార్డ్‌దై ఉండాలి. రీశాంప్లర్ పెట్టాక బఫర్ మట్టం కదలకుండా నిలబడింది. పాఠం చివర చప్పట్లు కొట్టి చూస్తే మొదట్లో ఉన్న తేడాయే ఉంది.

కెమెరా దగ్గరే ఆగిపోయాను. మీరు అనుమానించినట్టే అది ఆన్ అయినప్పటి నుంచి గడిచిన సమయాన్ని పెడుతోంది. సెట్టింగ్స్‌లో ఎన్‌టీపీ సర్వర్ ఇస్తే తెర మీద కనిపించే గంటలు మారాయి కానీ రిపోర్టులో సంఖ్య మారలేదు. ఇప్పుడేం చేయాలి? ఇంకోటి, కొందరు విద్యార్థులు వినికిడి యంత్రాన్ని బ్లూటూత్‌తో కలుపుకుంటారు. వాళ్లకు ఇంకా తేడా ఉందంటున్నారు.

గడియారపుముల్లు

కెమెరా అబద్ధం చెప్పడం లేదు, వేరే సున్నా నుంచి లెక్కపెడుతోంది. ఆ సున్నా ఎక్కడుందో మనమే కనుక్కోవాలి. మైకు కంప్యూటర్ కూడా కెమెరా ఉన్న నెట్‌వర్క్‌లోనే ఉంది కదా. కెమెరా సెండర్ రిపోర్టులు దానికి కూడా అందేలా చేయండి. ప్రతి రిపోర్ట్ వచ్చిన క్షణాన్ని ఆ కంప్యూటర్ తన గడియారంలో రాసుకోవాలి. వచ్చిన సమయంలోంచి కెమెరా చెప్పిన సమయాన్ని తీసేస్తే వచ్చే తేడాలో గడియారాల మధ్య దూరమూ, దారిలో పట్టిన సమయమూ కలిసి ఉంటాయి. దారి సమయం ఎప్పుడూ కలుస్తుందే తప్ప తగ్గదు. కాబట్టి కొన్ని నిమిషాల రిపోర్టుల్లో అతి చిన్న తేడా ఏదో అదే నిజానికి దగ్గర. సగటు తీసుకోవద్దు, ఒక్క ఆలస్యపు ప్యాకెట్ సగటును లాగేస్తుంది. ఎన్‌టీపీ కూడా ఇలాగే చివరి 8 కొలతల్లో తక్కువ ఆలస్యం ఉన్నదాన్నే నమ్ముతుంది. కెమెరా గడియారం కూడా జారుతుంది, అందుకని ఆ కొన్ని నిమిషాల కిటికీని జరుపుతూ మళ్లీ మళ్లీ లెక్కవేస్తూ ఉండండి.

ఇంత చేశాక కూడా ఒక స్థిరమైన తేడా మిగలొచ్చు. ఆర్‌టీపీ టైమ్‌స్టాంప్ బొమ్మ తీసిన క్షణానిది కావాలి. కొన్ని కెమెరాలు ఎన్‌కోడ్ అయ్యాక ముద్ర వేస్తాయి. ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక్కసారి కొలిచి పెట్టేస్తే చాలు. ఒక లైటూ బీపూ కలిసి వచ్చే చిన్న పరికరం కెమెరా ముందు, మైకు పక్కన పెట్టండి. లైటు వెలిగిన ఫ్రేమ్‌నూ, శబ్దపు తరంగం లేచిన చోటునూ చూడండి. ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు కాబట్టి ఒక్క కొలతను నమ్మకండి, వేర్వేరు క్షణాల్లో చాలాసార్లు వెలిగించి సగటు చూడండి. ఇక్కడ సగటు సరైనదే.

బ్లూటూత్ సంగతి మీ వైపు నుంచి కనబడదు. శబ్దం సౌండ్ సిస్టమ్‌కు చేరాక చెవికి చేరేలోపు ఇంకో వంద రెండు వందల మిల్లీసెకన్లు పట్టవచ్చు, పరికరాన్ని బట్టి మారుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అవుట్‌పుట్ ఆలస్యం ఎంతో చెబుతుంది. బ్రౌజర్‌లో ఆడిస్తుంటే ఆడియో కాంటెక్స్ట్‌లో అవుట్‌పుట్ లేటెన్సీ అన్న విలువ ఉంది. దాన్ని చదివి బొమ్మను అంత ఆపండి. కొన్ని పరికరాలు ఆ విలువను సరిగా చెప్పవు. అందుకని ఆ విద్యార్థులకు స్లైడర్ ఉంచండి. డ్రిఫ్ట్ పోయింది కాబట్టి ఇప్పుడు ఒకసారి సర్దితే పాఠం అయ్యేదాకా నిలబడుతుంది.

తెరవెనుక

అతి చిన్న తేడా పద్ధతి పనిచేసింది. ప్రోగ్రామ్‌ను ఎన్నిసార్లు ఆపి మొదలుపెట్టినా ఇప్పుడు ఒక ఫ్రేమ్‌లోపే ఉంటోంది. బ్లూటూత్ వాడే ఒక విద్యార్థిని స్లైడర్ తానే సర్దుకుని, "ప", "మ" ఇప్పుడు వేరువేరుగా తెలుస్తున్నాయని రాసింది. పెదవుల మీద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, శబ్దం తోడైతేనే తేడా తెలుస్తుంది.

చివరిగా ఒకటి. పాఠాలను రికార్డు చేసి తర్వాత చూసేవాళ్లకు ఇవ్వాలి. ప్లేయర్ నుంచి బయటికి వస్తున్న శబ్దాన్నీ బొమ్మనూ రికార్డు చేసుకుంటే సరిపోతుందా?

గడియారపుముల్లు

ఆ విద్యార్థిని మాట విని చాలా సంతోషమనిపించింది, ఆమెకు చెప్పండి.

రికార్డింగ్‌కు ప్లేయర్ నుంచి తీసుకోవద్దు. అక్కడ మీ సౌండ్ కార్డ్ సెకను, వదిలేసిన ఫ్రేమ్‌లు, ఎవరిదో బ్లూటూత్ ఆలస్యం అన్నీ కలిసిపోయి ఉంటాయి. వచ్చిన ఆర్‌టీపీ ప్యాకెట్లను వచ్చినట్టే దాచండి, సెండర్ రిపోర్టులనూ, కెమెరా సున్నా కోసం వేసిన లెక్కనూ వాటి పక్కనే దాచండి. పాఠం అయిపోయాక తీరిగ్గా మొత్తం రిపోర్టుల మీద ఒకే గీత గీసి ఫైల్ తయారుచేయండి. లైవ్‌లో దొరికే దానికంటే మంచి లెక్క వస్తుంది, ఎందుకంటే అప్పుడు మీకు పాఠం చివర కూడా తెలుసు.

ఆ ఫైల్ రాసే కోడ్‌లో ఒక్కటి గుర్తుంచుకోండి. ఆర్‌టీపీ టైమ్‌స్టాంప్ 32 బిట్లదే. వీడియోది 13 గంటల పావుకు ఒకసారి చుట్టుతిరిగి సున్నాకు వస్తుంది. మీ పాఠం గంటే కదా అనుకోవడానికి లేదు, మొదలయ్యే సంఖ్య యాదృచ్ఛికం కాబట్టి మొదటి నిమిషంలోనే చుట్టు తిరగొచ్చు. ఏ రెండు టైమ్‌స్టాంప్‌ల తేడా తీసినా దాన్ని 32 బిట్ల సైన్డ్ సంఖ్యగా (మైనస్ కూడా కాగలిగేదిగా) తీసుకుని, ఆ తేడాలను 64 బిట్ల లెక్కలో కూడుతూ పోండి.